పెరట్లో కట్టెల ఫర్నేస్: కొనే ముందు కట్టెల కుప్ప చూసుకోండి

మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్, న్యూయార్క్ రాష్ట్రం పైభాగం. ఈ వైపు ఊరికి దూరంగా ఐదారెకరాల్లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళని జనవరిలో కదిపితే ముందు వచ్చేది ప్రొపేన్ బిల్లు సంగతే. వీధి గ్యాసు పైపు అంత దూరం రాదు. పెరట్లో 500 గ్యాలన్ల తెల్ల ట్యాంకు, దాన్ని నింపి పోయే లారీ, ఆ వెనకే బిల్లు. పక్క పొలం ఆయన మాత్రం నిశ్చింతగా ఉంటాడు. ఆయన ఇంటికి వంద అడుగుల అవతల చిన్న కొట్టుగదిలాంటి రేకు డబ్బా, దాని నెత్తిన పొగగొట్టం. మంట అక్కడ, వెచ్చదనం ఇంట్లో. అది చూశాక మనమూ ఒకటి పెట్టించుకుందామా అనిపించడం సహజమే.

ఈ రివ్యూ ఇప్పుడు అమెరికాలో అమ్ముతున్న కట్టెల ఫర్నేసుల్లో గ్యాసిఫికేషన్ రకం, అంటే పొగని కూడా మండించే రకం గురించి. అందులో ఎక్కువమంది అడిగేది సెంట్రల్ బాయిలర్ వాళ్ళ క్లాసిక్ ఎడ్జ్. మిన్నెసోటా ఉత్తరపు కొసన గ్రీన్‌బుష్ అనే చిన్న ఊళ్ళో 1984లో మొదలైన కంపెనీ అది. సరిహద్దుకి అవతల, కెనడాలోని వింక్లర్‌లో తయారయ్యే హీట్‌మాస్టర్ దానికి గట్టి పోటీ. బ్రాండు ఏదైనా పనిచేసే తీరు, పాడయ్యే తీరు చాలామటుకు ఒకటే కాబట్టి కలిపే చెప్తున్నాం. తీర్పు ముందే కావాలంటే: సొంత చెట్లు, చీల్చే మిషన్, పొద్దునా సాయంత్రం పావుగంట తీరిక ఉన్న ఇంటికి 5కి 4. కట్టెలు లోడ్ల లెక్కన కొనుక్కోవాల్సిన ఇంటికి 5కి 2, అదీ మొహమాటానికి.

మన ఇళ్ళల్లో వేన్నీళ్ళు కాచుకున్న రాగి బాయిలర్‌ని తలుచుకుంటే దీని సంగతి సగం తెలిసినట్టే. నడుమ నిప్పు, చుట్టూ నీళ్ళు. ఇక్కడ ఫైర్‌బాక్స్, అంటే కట్టె మండే గది చుట్టూ వంద గ్యాలన్లకు పైనే నీళ్ళుంటాయి. వాటిని 185 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 85 సెల్సియస్ దగ్గర నిలపడం కంట్రోలర్ పని. వేడి పది డిగ్రీలు తగ్గగానే గాలి మూత తెరుచుకుంటుంది, ఫ్యాన్ తిరుగుతుంది, మంట లేస్తుంది. మళ్ళీ 185 చేరగానే అన్నీ మూసుకుంటాయి. పంపు ఆ నీళ్ళని భూమిలో పాతిన పైపు గుండా ఇంటికి తోస్తుంది. వేడిని ఇంట్లో దింపి నీళ్ళు తిరిగి వెళ్ళిపోతాయి. ట్యాంకు పైనుంచి ఒక గొట్టం ఎప్పుడూ గాలికి తెరిచే ఉంటుంది. లోపల ప్రెషర్ లేదు కాబట్టి నీళ్ళు మరిగినా ఆవిరై పోతాయి తప్ప ట్యాంకు పేలదు. ఆవిరి పోతోంది కదా అని ఆ గొట్టానికి బిరడా బిగించారో, పెరట్లో బాంబు పెట్టుకున్నట్టే.

పాత రకాలు ఇంతటితో సరి. వాటికి చెడ్డపేరు ఊరికే రాలేదు. ఫ్యాన్ ఆగినప్పుడు చుట్టూ ఉన్న నీళ్ళు మంటని చల్లబరుస్తాయి. కట్టె మండదు, ఆరదు, గంటలకొద్దీ కుములుతూ పొగ కక్కుతుంది. ఆ పొగా ఇంధనమే, మండాల్సింది మండకుండా గొట్టంలోంచి పోతోంది. గ్యాసిఫికేషన్ రకంలో ఫైర్‌బాక్స్ అడుగున మంట ఇటుకల మధ్య సందులు వదులుతారు. ఫ్యాన్ పొగని పైకి పోనివ్వకుండా నిప్పుల్లోంచి కిందికి తోస్తుంది. కింది గదిలో దానికి ఇంకో విడత గాలి తగులుతుంది. వెయ్యి డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన ఆ ఇటుకల మధ్య పొగే భగ్గున మండిపోతుంది. అంతా సవ్యంగా ఉన్నప్పుడు పొగగొట్టం మీద వేడిగాలి అలలు కనిపిస్తాయి, అంతే. దీనికి రెండే షరతులు: అడుగున కణకణలాడే నిప్పులు దండిగా ఉండాలి, కట్టె ఎండి ఉండాలి. రెండోదానితోనే అందరికీ పేచీ.

ప్రొపేన్‌తో పోల్చితే

అమెరికాలో కట్టెలు కార్డ్ లెక్కన అమ్ముతారు. 4 అడుగుల ఎత్తు, 4 అడుగుల లోతు, 8 అడుగుల పొడవు పేర్పు, మొత్తం 128 ఘనపుటడుగులు. ఎవరైనా ‘ఫేస్ కార్డ్’ అన్నారంటే 16 అంగుళాల కట్టెల ఒక్క వరసే ఇస్తున్నారని అర్థం, అంటే మూడో వంతు. బేరానికి దిగే ముందే ఈ ముక్క తేల్చుకోండి. వేడిని ఇక్కడ బీటీయూల్లో కొలుస్తారు. ఎండిన రెడ్ ఓక్ కార్డ్‌లో సుమారు 24 మిలియన్ బీటీయూల వేడి ఉంటుంది. షాగ్‌బార్క్ హికరీలో 27 దాటుతుంది. ఆస్పెన్, వైట్ పైన్ 15కి అటూఇటూ. మన దగ్గర తుమ్మ కట్టెకీ మునగ కొమ్మకీ ఉన్న తేడా లాంటిదే ఇదీ.

ప్రొపేన్ గ్యాలన్‌కి 91,500 బీటీయూలు. 95 శాతం సామర్థ్యమున్న గ్యాస్ ఫర్నేస్ అందులో 87,000 దాకా ఇంటికి చేరుస్తుంది. కట్టెల ఫర్నేస్ 70 శాతం చేరుస్తుందనుకుంటే రెడ్ ఓక్ కార్డ్ నుంచి 16.8 మిలియన్లు వస్తాయి. అంటే 193 గ్యాలన్ల ప్రొపేన్. అదే కట్టెని 45 శాతమే రాబట్టే పాత పొగ డబ్బాలో వేస్తే 124 గ్యాలన్లకి దిగిపోతుంది. బ్రోషర్లలో 90 దాటిన శాతాలు కనిపిస్తే వాటితో లెక్కలు వేసుకోకండి. అవి ల్యాబ్‌లో నిలకడైన మంట మీద తీసినవి. కొన్నిటిలో కట్టె తేమ ఆవిరవడానికి పోయే వేడిని లెక్కలోంచే తప్పిస్తారు.

ఒక ఇంటిని తీసుకుందాం. 2,000 చదరపు అడుగుల పాత ఫార్మ్‌హౌస్, గోడల్లో ఓ మోస్తరు ఇన్సులేషన్. ఎముకలు కొరికే రోజున గంటకి 60,000 బీటీయూలు కావాలి, రోజుకి 1.44 మిలియన్లు. ఎండిన ఓక్ పౌండుకి నికరంగా 4,800 బీటీయూలు వేసుకుంటే ఆ రోజు 300 పౌండ్ల కట్టె పడుతుంది. పొద్దున 150, సాయంత్రం 150. మామూలు చలికాలపు రోజుకి అందులో సగం చాలు. సీజన్ మొత్తానికి ఆరున్నర కార్డ్‌లు, ప్రొపేన్‌లో 1,250 గ్యాలన్లు.

గ్యాలన్ రెండు డాలర్లయితే ప్రొపేన్ ఖర్చు 2,500. కార్డ్ 250 డాలర్లకి కొంటే కట్టెల ఖర్చు 1,625. మిగిలేది ఏడాదికి 875 డాలర్లు. ఫర్నేస్ ధరే పదివేల పైమాట. కాంక్రీటు దిమ్మ, కందకం, పైపు, ఇంట్లో కాయిల్, పంపులు, కరెంటు పని కలిపి 17,000 అనుకున్నా, కట్టెలు కొనుక్కుంటే పెట్టుబడి తిరిగి రావడానికి దాదాపు ఇరవై ఏళ్ళు. సొంత అడవి ఉంటే ఏడేళ్ళ లోపే. మీ ధరలు వేసుకుని ఇదే లెక్క చేసుకోండి, పది నిమిషాల పని. డీలర్ దగ్గరున్న పాత కాగితాల్లో 30 శాతం ఫెడరల్ పన్ను రాయితీ అని కనిపించవచ్చు. 2025 డిసెంబరు 31తో అది ముగిసింది.

కట్టె సంగతి

అప్పుడే కొట్టిన చెట్టులో బరువులో దాదాపు సగం నీళ్ళే. 150 పౌండ్ల లోడ్ వేశారనుకోండి. 45 శాతం తేమ ఉంటే అందులో 67 పౌండ్లు నీళ్ళు, మండే సరుకు 83. ఇరవై శాతానికి ఎండితే నీళ్ళు 30, సరుకు 120. మోసిన బరువు ఒకటే. పైగా పౌండు నీళ్ళని ఆవిరి చేసి గొట్టంలోంచి పంపడానికి సుమారు 1,200 బీటీయూలు పోతాయి. పచ్చికట్టె లోడ్‌లో ఆ దండగే 80,000 దాటుతుంది, పైన చెప్పిన ఇంటిని గంటకు పైగా వెచ్చగా ఉంచేంత. పాత పొగ డబ్బాలో పచ్చికట్టె వేసినా అది ఎలాగో కుములుతూ నడిచేది. గ్యాసిఫికేషన్ రకం నడవదు. కింది గది చల్లబడిపోతుంది, పొగ మండదు, తారులాంటి జిగట మసి గోడలకు పట్టేస్తుంది. ‘కొత్త ఫర్నేస్ పనికిరాదు, పాతదే నయం’ అనే మాట విన్నప్పుడల్లా ముందు వాళ్ళ కట్టెల కుప్ప చూడాలి.

తేమ మీటర్ ముప్ఫై నలభై డాలర్లకే దొరుకుతుంది. కట్టె కొసన గుచ్చి చూస్తే పనికిరాదు, కొసలు ముందే ఎండుతాయి. కట్టెని అప్పటికప్పుడు చీల్చి, కొత్తగా బయటపడ్డ ముఖం మధ్యలో, పోగు వెంబడి రెండు సూదులూ గుచ్చాలి. గడ్డకట్టిన కట్టె మీద మీటర్ తప్పు చూపిస్తుంది కాబట్టి ఒక రాత్రి ఇంట్లో ఉంచి కొలవాలి. ఇంకో మెలిక: ఈ మీటర్లు చూపేది పొడి బరువు మీద శాతం. మీటర్‌లో 25 అంటే మొత్తం బరువులో 20. కాబట్టి మీటర్‌లో 25 కనిపిస్తే కట్టె సిద్ధం.

పేళ్ళు నాలుగైదు అంగుళాల మందాన చీల్చి, ప్యాలెట్ల మీద నేలకి తగలకుండా, గాలి దూరేలా పేర్చాలి. పైన మాత్రమే కప్పాలి. టార్పాలిన్‌ని పక్కలకూ కిందకీ దిగలాగి కడితే లోపల కట్టె ఎండదు, ఉడుకుతుంది. యాష్, మేపుల్ ఒక పూర్తి వేసవికి దారికొస్తాయి. ఓక్‌కి రెండు వేసవులు ఇవ్వాల్సిందే. అంటే ఈ ఏడాది ఫర్నేస్ కొని ఈ ఏడాదే కొట్టిన ఓక్ వేద్దామనుకుంటే మొదటి చలికాలం పాడైనట్టే. ముందు కట్టెలు పేర్చండి, మరుసటి ఏడాది ఫర్నేస్ కొనండి. 2002లో మిషిగన్‌లో బయటపడ్డ ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు వల్ల నిలువునా చచ్చిన యాష్ చెట్లు ఆ చుట్టుపక్కల రాష్ట్రాల్లో కొల్లలు. చెట్టుమీదే సగం ఎండి ఉంటాయి, మంచి వేడినిస్తాయి. అయితే చచ్చిన యాష్ పెళుసు. కొడుతుంటే పై కొమ్మలు విరిగి మీద పడతాయి, కొత్తవాళ్ళు చేయి పెట్టే పని కాదు. ఆ పురుగు పాకకుండా కట్టెల్ని దూరాలకి తరలించడం మీద ఆంక్షలుంటాయి, పక్క కౌంటీ నుంచి తెచ్చేముందు కనుక్కోండి.

పైన్ వేస్తే తారు పడుతుందన్నది అపోహ. పచ్చి పైన్‌కి తారు పడుతుంది, పచ్చి ఓక్‌కీ పడుతుంది. ఎండిన పైన్ అక్టోబరుకీ ఏప్రిల్‌కీ బ్రహ్మాండం. అలాగని మరీ ఎండిపోయిన సన్న చెక్కలు, పగలగొట్టిన ప్యాలెట్లతో ఫైర్‌బాక్స్ నింపకూడదు. వాయువు ఒక్కసారిగా పుట్టుకొచ్చి, గాలి చాలక, ఫర్నేస్ బుస్సు బుస్సుమని కొట్టుకుంటుంది. రంగు వేసిన చెక్క, ఆకుపచ్చ మందు పట్టించిన డెక్ చెక్క, ప్లాస్టిక్ అసలే వద్దు. పాత డెక్ చెక్కలో ఆర్సెనిక్ ఉంటుంది, అది పొగలోకీ బూడిదలోకీ చేరుతుంది.

కందకంలో పోయే డబ్బు

కొనేవాళ్ళు డీలర్ దగ్గర గంటసేపు ఫర్నేస్ గురించే అడుగుతారు. పైపు దగ్గరికొచ్చేసరికి ‘ఏదో చౌకది వేసెయ్యండి’ అంటారు. ఈ మొత్తం వ్యవహారంలో తెలిసి చేసే పెద్ద తప్పు అదే.

చౌక పైపు ఎలా ఉంటుందంటే, నాలుగంగుళాల నల్లటి మడతల గొట్టంలో రెండు పెక్స్ (వేడిని తట్టుకునే ప్లాస్టిక్) పైపులు, వాటి చుట్టూ వెండి రంగు బుడగల కాగితం. మొదటి వానాకాలానికి ఎక్కడో ఒక చోట నీళ్ళు దూరతాయి. ఇక ఆ గొట్టం నీళ్ళు నిండిన కాలవ, అందులో మీ వేడి పైపులు. నిమిషానికి ఎనిమిది గ్యాలన్ల ప్రవాహంతో, పోయే దారిలోనే వేడి 4 డిగ్రీలు పడిపోయిందనుకోండి. లెక్క సులువు: 500 ని నిమిషానికి గ్యాలన్లతో, దాన్ని డిగ్రీల తేడాతో గుణిస్తే గంటకి బీటీయూలు. 500 × 8 × 4 అంటే 16,000. రోజుకి 3,84,000. ఎండిన ఓక్‌లో 80 పౌండ్లు. నరికి, చీల్చి, రెండేళ్ళు ఎండబెట్టి, మోసుకొచ్చి వేసిన 80 పౌండ్ల కట్టెతో రోజూ వానపాములకి చలి కాగిస్తున్నామన్నమాట. తిరుగు పైపు నష్టం ఇంకా కలపలేదు.

కొనాల్సింది ఫోమ్ గట్టిగా నిండిన పైపు. రెండు పెక్స్ పైపులూ ఒకదానికొకటి తగలకుండా ఫోమ్‌లో కూరుకుని, పైన ఒకే ముక్క తొడుగు ఉండాలి. సెంట్రల్ బాయిలర్ వాళ్ళ థర్మోపెక్స్ అలాంటిదే. దాంతో నూరడుగులకి డిగ్రీ లోపే పోతుంది. అడుగు ధర రెండింతలు దాటినా మూడు నాలుగేళ్ళలో తిరిగొచ్చేస్తుంది. భూమిలో అతుకు పెట్టకండి, ఒకే చుట్ట పరవండి. రెండు కొసలకీ రబ్బరు మూతలు బిగించాలి, లేకపోతే నీళ్ళు అక్కణ్ణుంచే దిగుతాయి. నీళ్ళు నిలిచే పల్లం గుండా కందకం తీయకండి. తవ్వే ముందు 811కి ఫోన్ చేస్తే భూమిలోని కేబుళ్ళూ పైపులూ ఉచితంగా గుర్తు పెట్టి పోతారు.

ఇప్పటికే పైపు పాతి ఉంటే పరీక్ష తేలిక. మంచు పడిన మర్నాడు చూడండి. ఫర్నేస్ నుంచి ఇంటిదాకా గీత గీసినట్టు మంచు కరిగి గడ్డి కనిపిస్తే వేడి అక్కడే పోతోంది. అంకె కావాలంటే పైపు రెండు కొసల్లోనూ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలవండి. మెరిసే రాగి మీద అది తక్కువ చూపిస్తుంది కాబట్టి రెండు చోట్లా నల్ల ఇన్సులేషన్ టేప్ చుట్టి, దాని మీద కొలవాలి.

పైపు సైజు: గంటకి 60,000 బీటీయూలకి, 20 డిగ్రీల తేడాతో నిమిషానికి 6 గ్యాలన్లు చాలు. అంగుళం పెక్స్ 80,000 దాకా ఇబ్బంది లేకుండా మోస్తుంది. ఇల్లుతో పాటు గరాజో గ్రీన్‌హౌసో కలుపుతుంటే అంగుళంపావుకి వెళ్ళండి.

ఇంటి లోపల

గాలి డక్టులున్న ఇంట్లో పని సులువు. గ్యాస్ ఫర్నేస్ పైనున్న ప్లీనమ్‌లో (వేడిగాలి డక్టుల్లోకి పోయే పెట్టెలో), కారు రేడియేటర్ లాంటి కాయిల్ ఒకటి కూర్చోబెడతారు. గ్యాస్ ఫర్నేస్ తీసేయరు, దాని థర్మోస్టాట్‌ని కట్టెల వేడికి పెట్టినదాని కన్నా ఐదు డిగ్రీలు కింద పెడతారు. కట్టె అయిపోయినా, మీరు హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కినా, ఇల్లు గడ్డకట్టకుండా అదే చూసుకుంటుంది. రెండు జాగ్రత్తలు. కాయిల్ మరీ దట్టంగా ఉండి ప్లీనమ్‌ని పూర్తిగా అడ్డితే బ్లోయర్ ఈడ్చలేక దూరపు గదులకి గాలి అందదు. వేసవిలో కాయిల్ వాల్వ్ కట్టేయకపోతే ఏసీ ఒక పక్క చల్లబరుస్తుంటే ఇది ఇంకో పక్క వేడి చేస్తూ ఉంటుంది.

నేలలో పైపులో, బేస్‌బోర్డ్ రేడియేటర్లో ఉన్న ఇంట్లో ప్రెషర్ ఉన్న నీళ్ళు తిరుగుతుంటాయి. ఫర్నేస్ నీళ్ళకి ప్రెషర్ లేదు. రెండూ కలవకుండా వేడిని మాత్రం దాటించే ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్ మధ్యలో తప్పనిసరి. పై అంతస్తు ఫర్నేస్ నీటిమట్టం కన్నా బాగా ఎత్తులో ఉన్నా ఇదే పద్ధతి మేలు, లేకపోతే పై పైపుల్లో గాలి చేరి ప్రవాహం ఆగిపోతుంటుంది. స్నానాల వేడినీళ్ళకి చిన్న ప్లేట్ ఎక్స్ఛేంజర్ ఇంకోటి పెట్టించుకోండి. దాని తర్వాత మిక్సింగ్ వాల్వ్ పెట్టి 120 డిగ్రీలకి దించండి. 180 డిగ్రీల నీళ్ళ పక్కనుంచి వచ్చే కుళాయి నీళ్ళు క్షణంలో చర్మం కాలుస్తాయి, పిల్లలున్న ఇంట్లో దీనికి రాజీ లేదు.

చాలామంది మిస్త్రీలు వదిలేసే భాగం ఒకటుంది: తిరుగు నీళ్ళ వాల్వ్. నీళ్ళు 140 డిగ్రీల కన్నా చల్లగా ఫర్నేస్‌లోకి తిరిగొస్తే ఫైర్‌బాక్స్ గోడకి పొగలోని ఆవిరి చెమటలా పడుతుంది. అది తడి, పైగా ఆమ్లం. తారుతో కలిసి ఉక్కుని తినేస్తుంది. కాంక్రీటు నేలని వేడి చేసే ఇళ్ళల్లో నీళ్ళు 90, 100 డిగ్రీలకి చల్లబడి వస్తాయి కాబట్టి అక్కడ ఈ సమస్య మరీ ఎక్కువ. ఫర్నేస్ వెనక థర్మోస్టాటిక్ వాల్వ్ ఉంటే తిరుగు నీళ్ళలో కొంచెం వేడినీళ్ళు కలిపి 140 పైన ఉంచుతుంది.

పంపు ఫర్నేస్ వెనకాలే, కింద, నీళ్ళు దానంతటవే దిగే చోట ఉండాలి. ఇంట్లో ఎత్తులో పెట్టి వేడినీళ్ళని పీల్చమంటే లోపల గులకరాళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు వస్తుంది. అది నీళ్ళు పంపులోనే మరగడం, ఆ పంపు ఎక్కువ రోజులు బతకదు. రెండు పక్కలా బాల్ వాల్వులు పెట్టించుకుని, ఇంకో పంపు అలమారలో పెట్టుకోండి. జనవరి రాత్రి పంపు పోతే మార్చడం పావుగంట పని. వాల్వుల్లేకపోతే ట్యాంకు మొత్తం వంపాలి.

కరెంటు పోతే పంపూ ఫ్యాన్ రెండూ ఆగిపోతాయి. పంపు 80 వాట్లు, ఫ్యాన్ కూడా పెద్దగా తాగదు. మన ఊళ్ళల్లో ఇన్వర్టర్ పెట్టుకున్నట్టే చిన్న బ్యాటరీ ఇన్వర్టరో జనరేటరో సరిపోతుంది. చలికాలంలో ఇల్లు వదిలి నెలలు పోయేవాళ్ళు నీళ్ళలో ప్రొపిలీన్ గ్లైకాల్ కలపాలి. కార్లలో వాడే విషపు రకం వద్దు.

పొద్దునా సాయంత్రం

కట్టె వేయడం మూడు నిమిషాల పనే, తొందర పడకూడని మూడు నిమిషాలు. ముందు ఫ్యాన్ ఆపి, పొగని నేరుగా గొట్టంలోకి వదిలే బైపాస్ లివర్ లాగి పది పదిహేను సెకన్లు ఆగాలి. లోపలున్న వాయువు గొట్టంలోంచి పోతుంది. తర్వాత గడియ వదిలి తలుపుని అంగుళం మాత్రం తెరిచి, పక్కకి నిలబడాలి, ఎదురుగా కాదు. ఆ సందులోంచి గాలి లోపలికి పోయి, లోపల ఒక్క ‘హుఫ్’ వినిపిస్తుంది. అప్పుడు పూర్తిగా తెరవొచ్చు. ఈ ఆగడం లేకుండా తలుపు లాగినవాళ్ళకి కనుబొమ్మలు కాలడం చాలా మామూలు.

నిప్పుల్ని ముందుకి లాగి, చదును చేసి, మూడు నాలుగు అంగుళాల పరుపు వదలాలి. దాని మీద సన్న పేళ్ళు, ఆపైన లావువి. అన్నీ ఒకే లావు దుంగలైతే కట్టె వంతెనలా నిలబడిపోతుంది. కింద నిప్పులు కాలిపోయి డొల్ల ఏర్పడుతుంది, పైన కట్టె సగం ఉండగానే నీళ్ళ వేడి పడిపోతుంది. చలిమంచులో ఇంట్లోంచి ఫోన్‌లో చూసి ‘కట్టె ఉందిగా, ఎందుకు తగ్గింది’ అనుకునే కేసుల్లో చాలా ఇవే. కొక్కెంతో ఒక్క పోటు పొడిస్తే సరిపోతుంది. దీనికి సరిగ్గా వ్యతిరేకమైన జబ్బు నిప్పులు మరీ పేరుకుపోవడం. జనవరి చలిలో పది అంగుళాల నిప్పులుంటాయి, కొత్త కట్టెకి చోటుండదు. అప్పుడు కొత్తవి వేయకుండా నిప్పుల్ని కెలికి కొన్ని గంటలు వాటినే కాలనివ్వాలి.

ఎంత పడుతుందో అంత నింపేయడం కొత్తవాళ్ళ అలవాటు. పన్నెండు గంటలకి ఎంత కావాలో అంతే వేయండి. ఎక్కువ వేస్తే ఫర్నేస్ ఎక్కువసేపు మూసుకుని కుములుతుంది, పొగా తారూ అప్పుడే పుడతాయి. అక్టోబరు, ఏప్రిల్‌లో ఇది మరీ తెలుస్తుంది. ఒక్క వేన్నీళ్ళ కోసం వేసవంతా మండించడం మాత్రం శుద్ధ దండగ.

వారానికోసారి గాలి రంధ్రాలు పొడిచి శుభ్రం చేయాలి, కింది గదిలో బూడిద లాగాలి. వేడి అందుకునే గొట్టాల మీద మసి పేరుకుంటే పొగగొట్టం దగ్గర వేడి పెరుగుతుంది, ఇంటికొచ్చే వేడి తగ్గుతుంది. తలుపు చుట్టూ ఉన్న తాడు గట్టిపడితే గాలి దొంగతనంగా దూరి, నీళ్ళు 185 దాటి 200కి పోతాయి. చిన్న కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగండి. ఊరికే జారి వచ్చేస్తే గడియ బిగించాలి లేదా తాడు మార్చాలి. బూడిదని మూత ఉన్న ఇనప డబ్బాలో, చెక్క కట్టడాలకి దూరంగా, కొన్ని రోజులు ఉంచాకే పారబోయండి. నివురు గప్పిన నిప్పు అనే మాట ఇక్కడ ఉపమానం కాదు.

నీళ్ళ రసాయనం ఎవరూ పట్టించుకోరు, ఫర్నేసులు చచ్చేది మాత్రం ఎక్కువగా దానివల్లే. ట్యాంకు గాలికి తెరిచి ఉంది కాబట్టి ఆక్సిజన్ చేరుతూనే ఉంటుంది. మొదటిసారి నింపినప్పుడే తుప్పు నివారిణి మందు కలపాలి. ఏడాదికోసారి నమూనా తీసి నైట్రైటూ (మందు ఎంత మిగిలిందో చెప్పేది ఇదే) పీహెచ్చూ చూడాలి, పీహెచ్ 8కి పైన ఉండాలి. క్లాసిక్ ఎడ్జ్‌లో హెచ్‌డీఎక్స్ అని ఉన్నవి టైటానియం కలిపిన స్టెయిన్‌లెస్ స్టీల్‌వి. మామూలు ఉక్కు కన్నా ఎక్కువ ఓర్చుకుంటాయి, అయినా ఈ పని తప్పదు. వారంవారం నీళ్ళు పోయాల్సి వస్తుంటే అది ఆవిరి నష్టం కాదు, ఎక్కడో కారుతోంది. కొత్త నీళ్ళతో కొత్త ఆక్సిజన్, దాంతో కొత్త తుప్పు.

చట్టం సంగతి క్లుప్తంగా. 2020 మే 15 నుంచి పొగ మీద ఫెడరల్ పర్యావరణ సంస్థ పెట్టిన రెండో దశ ప్రమాణాన్ని అందుకున్న మోడళ్ళనే కొత్తగా అమ్మాలి. ధ్రువీకరణ పలక ఫర్నేస్ మీదే ఉంటుంది, చూసుకోండి. న్యూయార్క్‌లో ఇళ్ళకి కొత్తగా పెట్టేది స్థలం సరిహద్దుకి కనీసం 100 అడుగుల దూరంలో, పొగగొట్టం నేలనుంచి కనీసం 18 అడుగుల ఎత్తున ఉండాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో ఆశ వదులుకోండి, అక్కడి పొగ పరిమితి వీటికి అందదు. టౌన్‌షిప్ నిబంధనలు వేరే ఉండొచ్చు. ఇంటి ఇన్సూరెన్స్ వాళ్ళకి ముందే చెప్పాలి, లేకపోతే క్లెయిమ్ రోజున వాళ్ళు చెప్తారు. నిబంధన లేని చోటైనా పొగగొట్టం ఎత్తు తగ్గించకండి. చలి గట్టిగా ఉండి గాలి కదలని రాత్రుల్లో పొగ పైకి లేవదు, నేల పట్టుకుని పక్కింటి కిటికీలకే పోతుంది.

ఏప్రిల్ చివర్లో ఆపేటప్పుడు బూడిదంతా గీకి తీసేయండి. తేమ తగిలిన బూడిద ఉక్కుని తింటుంది, ఫర్నేసులు చలికాలంలో మండి పాడవడం కన్నా వేసవిలో ఊరికే ఉండి పాడవడమే ఎక్కువ. గోడలకి పలచగా నూనె కొట్టి, పొగగొట్టానికి మూత పెట్టండి. ట్యాంకులో నీళ్ళు మాత్రం నిండుగా అలాగే వదిలేయండి. ఖాళీ చేస్తే తడి గోడకి గాలి తగిలి లోపల్నుంచి తుప్పు మొదలవుతుంది.